అమెరికా స్టాఫింగ్ కంపెనీలో రిక్రూటర్ ఉద్యోగం: లోపల పని ఎలా ఉంటుంది, చేరొచ్చా?

మీరు అడిగింది ఇది: బీకాం అయిపోయింది, మాదాపూర్‌లో అమెరికా ఐటీ స్టాఫింగ్ చేసే ఒక కంపెనీ నుంచి రిక్రూటర్‌గా ఆఫర్ వచ్చింది, నెలకు 20 వేలు, పైన ఇన్సెంటివ్, రాత్రి షిఫ్ట్. ఇంట్లో అమ్మానాన్న వద్దంటున్నారు. లోపల పని నిజంగా ఎలా ఉంటుంది, ముందుముందు ఎదుగుదల ఉంటుందా అని.

నేను 2012లో ఇదే పనిలో చేరాను. మాదీ మామూలు ఇల్లే, నేను చదివిందీ డిగ్రీయే. రిక్రూటర్‌గా మొదలుపెట్టి, కొన్నాళ్లు బెంచ్ సేల్స్ చేసి, ఇప్పుడు 14 మంది ఉన్న టీమ్‌ని చూసుకుంటున్నాను. ముందు సూటిగా జవాబు చెప్తాను: చేరొచ్చు. కానీ జీతం ఎంత అన్నదానికంటే ముందు, ఆ కంపెనీ జనం రెజ్యూమేలతో ఏం చేస్తుందో కనుక్కుని చేరండి. రెజ్యూమేని ఉన్నది ఉన్నట్టు పంపే కంపెనీ అయితే 20 వేలకైనా చేరండి. లేని అనుభవం రాసి పంపే కంపెనీ అయితే 40 వేలు ఇస్తామన్నా వద్దు. ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో కింద రాస్తాను.

ముందు పని ఏమిటో. అమెరికాలో ఒక బ్యాంకుకో, ఇన్సూరెన్స్ కంపెనీకో ఆరు నెలలకో ఏడాదికో ఒక జావా డెవలపర్ కావాలి అనుకోండి. పర్మనెంట్‌గా తీసుకోకుండా కాంట్రాక్ట్ మీద తీసుకుంటారు. ఆ బ్యాంకును ఎండ్ క్లయింట్ అంటాం. వాళ్లతో నేరుగా ఒప్పందం ఉన్న కంపెనీ ప్రైమ్ వెండర్. ప్రైమ్ వెండర్ దగ్గర మనిషి దొరక్కపోతే ఆ రిక్వైర్‌మెంట్ ఇంకో వెండర్‌కి, అక్కడి నుంచి ఇంకొకరికి వస్తుంది. మధ్యలో ఉన్న ప్రతివాళ్లనీ లేయర్ అంటారు. ఆ రిక్వైర్‌మెంట్‌కి తగిన మనిషిని వెతికి పట్టుకునేది రిక్రూటర్. బెంచ్ సేల్స్ దీనికి తిరగేసిన పని: కంపెనీ దగ్గర మనిషి బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా ఉంటాడు, అతనికి ప్రాజెక్టు వెతకాలి. మీ ఆఫర్ లెటర్‌లో ‘రిక్రూటర్’ అని ఉన్నా, చేరాక బెంచ్ సేల్స్‌లో కూర్చోబెట్టే కంపెనీలు చాలా ఉన్నాయి. రెండూ పనులే. ఏది చేయిస్తారో ముందే అడగండి.

డబ్బు ఎలా వస్తుందో ఒక లెక్కతో చెప్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఉదాహరణకు క్లయింట్ గంటకు 80 డాలర్లు ఇస్తున్నాడు, ప్రైమ్ వెండర్ మన కంపెనీకి 70 ఇస్తున్నాడు, మనం ఆ డెవలపర్‌కి 60 ఇస్తున్నాం అనుకోండి. మనకు గంటకు 10 డాలర్లు మిగులుతాయి. నెలకు 160 గంటలంటే 1,600 డాలర్లు. కంపెనీ ఖర్చులు అందులోంచే పోవాలి కానీ, ఒక్క మనిషిని పనిలో పెడితే ఆ ఆదాయం నెలనెలా వస్తూనే ఉంటుంది. అందుకే ‘స్టార్ట్’ అనే మాటకి మా దగ్గర అంత విలువ. కాండిడేట్ మొదటి రోజు పనిలోకి వెళ్లడాన్నే స్టార్ట్ అంటాం. ఇంటర్వ్యూ పాసైతే స్టార్ట్ కాదు, ఆఫర్ వచ్చినా స్టార్ట్ కాదు. ఆ సోమవారం పొద్దున అతను ఆఫీసులో అడుగుపెట్టాలి.

ఇక రోజు ఎలా గడుస్తుందో. వేసవిలో న్యూయార్క్‌లో పొద్దున 9 అంటే మనకు సాయంత్రం 6:30. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా 7:30. లాగిన్ అవగానే మెయిల్‌లో రిక్వైర్‌మెంట్లు ఉంటాయి. ఒకటి తీసుకుని చదువుతారు: షార్లెట్ నగరం, జావా, ఎనిమిదేళ్ల అనుభవం, వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలి, రేటు ఇంత. డైస్, మాన్‌స్టర్ లాంటి పోర్టళ్లలో, లింక్డ్‌ఇన్‌లో వెతుకుతారు. ముప్పై నలభై రెజ్యూమేలు తెరుస్తారు, ఇరవై మందికి ఫోన్ చేస్తారు. సగానికి పైగా వాయిస్ మెయిల్‌కి పోతాయి. ఎత్తినవాళ్లలో కొందరు “ఇదే జాబ్ గురించి పొద్దుటి నుంచి మీరు ఐదో మనిషి” అంటారు. చిరాకు పడతారు. ఒక్కోసారి మన యాస వినగానే పెట్టేస్తారు. మొదటి నెలలో ఇది చాలా బాధగా ఉంటుంది. నాకూ ఉండేది, వాష్‌రూమ్‌లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చిన రోజులున్నాయి.

మాట్లాడటానికి ఒప్పుకున్నవాళ్లతో స్క్రీనింగ్ చేస్తారు. ఏ ప్రాజెక్టులో ఏం చేశారు, ఊరు మారగలరా, రేటు ఎంత, ఎప్పుడు చేరగలరు. అన్నీ కుదిరితే ఆర్‌టీఆర్ పంపుతారు. అంటే ‘ఈ ఉద్యోగానికి నా రెజ్యూమేని మీరే పంపవచ్చు’ అని కాండిడేట్ మెయిల్‌లో ఇచ్చే అనుమతి. అది వచ్చాకే సబ్మిషన్. ఈ ఆర్‌టీఆర్‌ని కొత్తవాళ్లు కాగితం పని అనుకుంటారు, కాదు. ఒకే మనిషి రెజ్యూమే ఇద్దరు వెండర్ల నుంచి వెళితే చాలా క్లయింట్లు ఇద్దరినీ పక్కన పెట్టేస్తారు, నష్టపోయేది కాండిడేట్. నా రెండో ఏడాదిలో ఒక డేటాబేస్ అడ్మిన్ ఫోన్‌లో సరే అన్నాడని, మెయిల్ రాకముందే తొందరపడి పంపేశాను. అతను అప్పటికే వేరే వెండర్‌కి అనుమతి ఇచ్చి ఉన్నాడు. అతనికి రావాల్సిన ఇంటర్వ్యూ పోయింది. ఫోన్ చేసి తప్పు నాదే అని ఒప్పుకున్నాను. అతను కోప్పడలేదు, “నా పిల్లలకి ఇప్పుడే స్కూల్ మార్చాను” అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత మెయిల్ లేకుండా ఒక్క రెజ్యూమే కూడా నా చేతి మీదుగా పోలేదు.

అంకెలు కావాలన్నారు కాబట్టి, నా సొంత డైరీలో రాసుకున్న లెక్క చెప్తాను. ఇది కంపెనీని బట్టి, టెక్నాలజీని బట్టి మారుతుంది. నేను బాగా పనిచేసిన ఏడాదిలో దాదాపు వంద సబ్మిషన్లకు పది పన్నెండు ఇంటర్వ్యూలు, వాటిలో రెండు స్టార్ట్‌లు. అంటే మీరు చేసే పనిలో 98 సార్లు ఎవరో ఒకరికి ‘కాలేదు’ అనే కబురే మిగులుతుంది. ఈ ఉద్యోగంలో అసలైన పని ఆ 98 మందితో మీరు ఎలా ఉంటారన్నదే. చాలామంది రిక్రూటర్లు రిజెక్ట్ అయినవాళ్లకి మళ్లీ ఫోన్ చెయ్యరు. నేను ప్రతి గురువారం రాత్రి ఒక గంట దీనికే పెట్టుకుంటాను. ఆ వారం కానివాళ్లందరికీ ఫోన్ చేసి, కాలేదని, తెలిసినంతవరకు ఎందుకు కాలేదో చెప్తాను. మా టీమ్‌లో పిల్లలకి కూడా ఇదే నేర్పుతాను. నాకు వచ్చిన స్టార్ట్‌లలో చాలా వాటికి మూలం ఇలాంటి ఫోన్లే. కాలేదని మర్యాదగా చెప్పిన మనిషిని జనం గుర్తుపెట్టుకుంటారు, తన స్నేహితుడి నంబర్ ఇస్తారు.

ఒక కేసు చెప్తాను. కొలంబస్‌లో ఒక పెద్దాయన, మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామర్. రెజ్యూమే పదకొండు పేజీలు, మొదటి ఉద్యోగం 1983లో. ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తెలిసిన మనిషి కావాలి. మా టీమ్‌లో ముగ్గురు ఆ రెజ్యూమే తెరిచి, పొడవు చూసి మూసేశారు. నేను ఫోన్ చేసేసరికి మనకు రాత్రి 12. నలభై నిమిషాలు మాట్లాడాను, ఆయన చేసిన పనంతా రెండున్నర పేజీల్లోకి తెచ్చాం, ఏదీ పెంచలేదు, అక్కర్లేనివి తీసేశాం. ఎనిమిది నెలలుగా తనతో ఎవరూ ఐదు నిమిషాలకు మించి మాట్లాడలేదని చెప్పారు. ఆరు నెలల కాంట్రాక్ట్‌కి వెళ్లి అక్కడే మూడేళ్లు ఉన్నారు. 40 దాటినవాళ్లను వయసు కారణంగా కాదనకూడదని అమెరికాలో 1967 నుంచే చట్టం ఉంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. తర్వాత తెలుసుకుని, ముగ్గురు రెజ్యూమే మూసేసిన ఆ రోజు గురించి టీమ్ మొత్తంతో మాట్లాడాను.

చట్టాల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. మనం కూర్చునేది హైదరాబాద్‌లో అయినా, మనం నింపే ఉద్యోగాలకు వర్తించేది అక్కడి చట్టం. మన వాట్సాప్ గ్రూపుల్లో “ఓన్లీ ఓపీటీ”, “ఓన్లీ హెచ్‌1బీ” అని రోజూ ప్రకటనలు కనిపిస్తాయి. ఓపీటీ అంటే అక్కడ చదువు అయ్యాక కొంతకాలం పనిచేసుకునే అనుమతి, హెచ్‌1బీ అంటే కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా. ఇలా ఒక వీసా వాళ్లే కావాలని ప్రకటించడం అమెరికాలో వివక్ష కిందికి వస్తుంది, దీని మీద అక్కడి న్యాయశాఖ స్టాఫింగ్ కంపెనీలకు జరిమానాలు వేసింది. “మీకు అమెరికాలో పనిచేయడానికి అనుమతి ఉందా, ఇప్పుడు గానీ తర్వాత గానీ స్పాన్సర్‌షిప్ కావాలా” అని అడగటం వేరు, “ఏ దేశం మీది” అని అడగటం వేరు. కాలిఫోర్నియాలో 2018 నుంచి పాత జీతం ఎంత అని కూడా అడగకూడదు. పెళ్లయిందా, పిల్లలెంతమంది అని మనం రైల్లో ఎదుటి సీటువాళ్లను అడిగినట్టు అడిగేస్తాం. అక్కడ అది పనికిరాదు. మంచి కంపెనీ అయితే మొదటి వారం ట్రైనింగ్‌లోనే ఇవి చెప్తుంది. చెప్పకపోతే మీరే అడిగి నేర్చుకోండి.

ఇప్పుడు పైన ఆపిన విషయం, అబద్ధపు రెజ్యూమేల సంగతి. నా మొదటి కంపెనీ అమెరికాలో చదువు పూర్తిచేసిన మన పిల్లలను మార్కెటింగ్ చేసేది, అంటే వాళ్ల రెజ్యూమేలు పంపి ప్రాజెక్టులు వెతికేది. మాస్టర్స్ అయ్యాక ఓపీటీ మీద ఏడాది పనిచేయొచ్చు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సు అయితే ఇప్పుడు ఇంకో 24 నెలలు. కానీ మొదటి ఏడాదిలో మొత్తం కలిపి 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఆ 90 రోజుల గడియారం ఆ పిల్లల గొంతులో వినపడుతుంది. అరవయ్యో రోజున, డెబ్బయ్యో రోజున కంపెనీ ఏం చెప్పినా వాళ్లు తల ఊపుతారు. ఆ కంపెనీ సరిగ్గా అప్పుడే వాళ్లకు ఏడేళ్ల అనుభవం ఉన్నట్టు రెజ్యూమే రాసిచ్చేది. ఇంటర్వ్యూలో వేరే మనిషి మాట్లాడేవాడు. దీన్నే ప్రాక్సీ అంటారు.

గుంటూరు వైపు కుర్రాడు ఒకడు. అతనితో మొదట మాట్లాడింది నేనే, “మేము చూసుకుంటాం” అని చెప్పిందీ నేనే. రెజ్యూమేలో ఉన్నది అబద్ధమని తెలిసి కూడా సబ్మిట్ చేసింది నేను. నాకప్పుడు 22 ఏళ్లు, లీడ్ చెప్పాడు కాబట్టి చేశాను, స్టార్ట్ కావాలి కాబట్టి చేశాను. ప్రాజెక్టు వచ్చింది. మూడో వారంలో అక్కడి మేనేజర్‌కి అర్థమైపోయింది, ఆ రోజే పంపేశారు. అతను మా బాస్‌కి కాకుండా నాకు ఫోన్ చేశాడు. “అక్కా, నాన్న పొలం తాకట్టు పెట్టాడు, ఇప్పుడు ఆయనకేం చెప్పాలి” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అతని పేరు ఆ క్లయింట్ దగ్గర పాడైంది, మా కంపెనీకి మాత్రం ఇంకో ఇరవై మంది కుర్రాళ్లు ఉన్నారు. రెండు నెలల తర్వాత మానేశాను. ఇంకా ముందే మానాల్సింది.

అందుకే మీరు ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు, లేదా ఆఫర్‌కి సరే అనేముందు హెచ్‌ఆర్‌ని ఈ ప్రశ్నలు అడగండి. గట్టిగా కాదు, మామూలుగా అడగండి. జవాబు ఎలా ఇస్తున్నారో చూస్తే చాలా తెలుస్తుంది.

రెజ్యూమే ఎవరు తయారుచేస్తారు? “కాండిడేటే ఇస్తాడు, మేము ఫార్మాట్ మారుస్తాం” అంటే సరే. “మా దగ్గర రెజ్యూమే టీమ్ ఉంది, అన్నీ వాళ్లే చూసుకుంటారు” అంటే ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. ఏం మారుస్తారు, ఎన్నేళ్లు పెంచుతారు. అలాగే వీలైతే ఆ ఆఫీసులో పనిచేసి మానేసినవాళ్లను లింక్డ్‌ఇన్‌లో పట్టుకుని అడగండి. నేను చూసినంతలో మానేసినవాళ్లు నిజమే చెప్తారు.

బెంచ్ మీద ఉన్నవాళ్లకు జీతం ఇస్తున్నారా? హెచ్‌1బీ మీద ఉన్న మనిషికి ప్రాజెక్టు లేకపోయినా జీతం ఇవ్వాలన్నది అక్కడి నిబంధన. ఇవ్వని కంపెనీలు ఉన్నాయి. అక్కడివాళ్లకే ఎగ్గొట్టే కంపెనీ ఇక్కడ మీ ఇన్సెంటివ్ ఇస్తుందని నేను నమ్మను.

పోర్టల్ లాగిన్ ఇస్తారా? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా ముఖ్యం. పోర్టల్ లైసెన్సులకు డబ్బు అవుతుందని, ఐదుగురికి కలిపి ఒక లాగిన్ ఇచ్చి, రోజుకు ఐదు సబ్మిషన్లు అడుగుతారు. బావిలో చేద లేకుండా నీళ్లు తోడమన్నట్టు ఉంటుంది.

ఇన్సెంటివ్ దేని మీద, ఎప్పుడు? స్టార్ట్ అయిన నెలలోనా, క్లయింట్ డబ్బు కట్టాకా, కాండిడేట్ మూడు నెలలు నిలిచాకా? ఒక్కసారి ఇస్తారా, అతను పనిచేసినన్నాళ్లు నెలనెలా ఇస్తారా? మీరు మానేస్తే రావాల్సింది ఇస్తారా? నోటితో చెప్పింది మెయిల్‌లో పెట్టమనండి. నాకు ఒకసారి రెండు స్టార్ట్‌ల ఇన్సెంటివ్ “వచ్చే నెల, వచ్చే నెల” అంటూ ఏడు నెలలు నడిచింది. రాసి ఉన్న కాగితం లేక ఏమీ చేయలేకపోయాను.

ట్రైనింగ్‌కి డబ్బు అడిగితే వెళ్లకండి. అమీర్‌పేటలో రిక్రూటర్ కోర్సులు, బెంచ్ సేల్స్ కోర్సులు ఉన్నాయి, నేర్చుకోవాలని మీరే వెళితే అది మీ ఇష్టం. కానీ ఉద్యోగం ఇచ్చే కంపెనీయే డిపాజిట్ అడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమన్నా లేచి వచ్చేయండి. ఈ పని కంపెనీలో సీనియర్ పక్కన కూర్చుని రెండు వారాల్లో నేర్చుకునేదే. వీసాల రకాలు, డబ్ల్యూ2 అంటే ఏమిటి, సీ2సీ అంటే ఏమిటి, బూలియన్ సెర్చ్ (AND, OR లాంటి మాటలు కలిపి పోర్టల్‌లో వెతకడం) ఎలా రాయాలి, ఇవన్నీ వస్తాయి. డబ్ల్యూ2 అంటే ఆ మనిషి మన పేరోల్ మీదికి వస్తాడు. సీ2సీ అంటే అతను వేరే కంపెనీ ఉద్యోగి, మనం ఆ కంపెనీతో ఒప్పందం చేసుకుంటాం. బీకాం చదివారు కదా, రేటు, మార్జిన్, ఇన్‌వాయిస్, నెట్ 45 పేమెంట్ (ఇన్‌వాయిస్ ఇచ్చాక 45 రోజుల్లో డబ్బు కట్టడం) అంటే మీకు ఇంజనీరింగ్ వాళ్లకంటే త్వరగా ఎక్కుతుంది.

ఇంగ్లీషు గురించి మీరు భయపడినట్టు అనిపించింది. అమెరికా యాస అక్కర్లేదు. నిదానంగా, తేటగా మాట్లాడితే చాలు. నా మొదటి కంపెనీలో నాకొక అమెరికన్ పేరు పెట్టి అదే చెప్పమన్నారు. ఇప్పటికీ చాలాచోట్ల అలా చేస్తారు. రెండో కంపెనీలో నా పేరే చెప్పడం మొదలుపెట్టాను, పలకడం రానివాళ్లకు రెండుసార్లు పలికి చూపిస్తాను. దానివల్ల ఒక్క స్టార్ట్ కూడా పోలేదు. అబద్ధపు పేరుతో మొదలుపెట్టి నమ్మమని అడగడం నాకు కుదరదు.

రాత్రి షిఫ్ట్ గురించి అమ్మానాన్నకు ఏం చెప్పాలో అడిగారు. దాచకుండా చెప్పండి. ఒంటికి కష్టమే. మొదటి మూడు నెలలు నిద్ర కుదరదు. కిటికీలకు మందపాటి కర్టెన్లు వేయించుకోండి, ఇంటికి రాగానే ఫోన్ చూడకుండా పడుకోండి, శని ఆదివారాల్లో మొత్తం పగటి మనిషిగా మారిపోకుండా కనీసం రాత్రి 2 వరకైనా మెలకువగా ఉండండి. లేకపోతే ప్రతి సోమవారం జెట్‌లాగ్ లాగే ఉంటుంది. రాత్రి ఒంటిగంటకు బిర్యానీలు, నూడుల్స్ తినడం మొదలుపెడితే ఏడాదిలో పది కిలోలు పెరుగుతారు. నేను ఇంటి నుంచి పెరుగన్నం తీసుకెళ్లేదాన్ని, ఇప్పటికీ అంతే. పగలు ఇంట్లో ఉంటాం కాబట్టి ఖాళీగా ఉన్నామనుకుంటారు. గ్యాస్ సిలిండర్ తీసుకోవడం, చుట్టాలు వస్తే కాఫీలు, అన్నీ మన నెత్తినే పడతాయి. “నాకు పొద్దున 5 నుంచి మధ్యాహ్నం 12 వరకు అర్ధరాత్రి” అని ఇంట్లో అందరికీ మొదటి రోజే చెప్పండి. మా అత్తగారింట్లో ఇది అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. తర్వాత మా అత్తగారే కాలింగ్ బెల్ స్విచ్ తీసేసేవారు.

క్యాబ్ తప్పనిసరిగా ఉండాలి. ఇంటి గుమ్మం దాకానా, మెయిన్ రోడ్డు దాకానా అడగండి. ఆఖరున దిగేది అమ్మాయి అయితే బండిలో గార్డ్ ఉంటాడా అడగండి. ఇవి అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. మా ఆఫీసులో చేరేముందు ఒకమ్మాయి వాళ్ల నాన్నగారు సాయంత్రం 7 గంటలకు వచ్చి ఫ్లోర్ చూస్తానన్నారు. తీసుకెళ్లి చూపించాను, క్యాబ్ ఇన్‌చార్జ్ నంబర్ కూడా ఇచ్చాను. మీ నాన్నగారిని కూడా తీసుకెళ్లండి, కుదరదన్నారంటే ఆ కంపెనీ గురించి మీకు కావలసింది తెలిసినట్టే.

పండగల సంగతి కూడా చెప్పాలి. సంక్రాంతికి, ఉగాదికి సెలవు ఉంటుందన్న నమ్మకం లేదు. జూలై 4, థాంక్స్‌గివింగ్ సెలవులు. నవంబరు ఆఖరు నుంచి డిసెంబరంతా క్లయింట్లు సెలవుల్లో ఉంటారు, బడ్జెట్లు అయిపోతాయి, రిక్వైర్‌మెంట్లు తగ్గుతాయి. జనవరి మధ్య నుంచి మళ్లీ ఊపందుకుంటుంది. మీరు నవంబరులో చేరితే మొదటి రెండు నెలలు స్టార్ట్ రాలేదని కుంగిపోకండి, అది మీ చేతకానితనం కాదు.

ఇక ఎదుగుదల. ఇది తేలిగ్గా చెప్పగలిగింది కాదు, ఎందుకంటే ఈ రంగం అమెరికా వీసా నిర్ణయాలతో ఊగుతుంది. హెచ్‌1బీలు ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. ఇంత చిన్న సంఖ్య మీద మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు ఆశలు పెట్టుకున్నాయో మీకు తెలుసు. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్‌1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. మనకు తెల్లవారితే శనివారం. బతుకమ్మకి ఇంటికొచ్చినవాళ్లు, దసరాకి టికెట్లు కొనుక్కున్నవాళ్లు, పాత వీసా ఉన్నవాళ్లు కూడా వెంటనే వెనక్కి వెళ్లాలా అని ఆ రోజంతా ఫోన్లు. నేను లాయర్‌ని కాదు. తెలిసేదాకా ఏమీ చెప్పలేనని, కంపెనీ లాయర్‌ని అడిగి చెప్తానని అందరికీ ఒకటే చెప్పాను. ఆ మర్నాటికి కొత్త దరఖాస్తులకే అని అక్కడి ప్రభుత్వం స్పష్టం చేశాక ఒక్కొక్కరికీ మళ్లీ చేశాను. ఈ ఉద్యోగంలో తెలియంది తెలియదని చెప్పగలగడం చాలా అవసరం.

వీసా మీద ఉన్నవాళ్లను మాత్రమే మార్కెటింగ్ చేసి బతికే కంపెనీల భవిష్యత్తు మీద నాకు నమ్మకం తక్కువ. అమెరికా పౌరులను, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లను డబ్ల్యూ2 మీద పెట్టగలిగే కంపెనీలు, ఐటీతో పాటు నర్సింగ్, ఇంజనీరింగ్ ఉద్యోగాలు కూడా నింపే కంపెనీలు నిలబడతాయని నా అంచనా. మీ కంపెనీ ఏది చేస్తుందో అడగండి. రెజ్యూమేలు వెతికే పని ఇప్పుడు సాఫ్ట్‌వేరే చాలావరకు చేసేస్తోంది. కాబట్టి వెతకడం మాత్రమే వచ్చిన రిక్రూటర్‌కి కష్టకాలమే. మనిషితో మాట్లాడి, ఇతను నిజం చెప్తున్నాడా, సోమవారం నిజంగా చేరతాడా అని పసిగట్టేవాళ్లకు పని ఉంటుంది. అది నేర్చుకోవడానికి రెండేళ్లు పడుతుంది. అడ్డదారి లేదు. ఆఫర్ ఒప్పుకున్నాక చివరి నిమిషంలో రాననడాన్ని బ్యాక్‌ఔట్ అంటాం. నేను ఆఫర్ వచ్చిన దగ్గర్నుంచి స్టార్ట్ దాకా మూడుసార్లు ఫోన్ చేస్తాను. ఇంట్లోవాళ్లు ఏమన్నారు, కొత్త ఊళ్లో ఇల్లు చూశారా అని అడుగుతాను. ఇల్లు చూడని మనిషి చాలాసార్లు రాడు.

రెండేళ్లయ్యాక దారులు ఉన్నాయి. లీడ్ కావచ్చు, క్లయింట్‌తో నేరుగా మాట్లాడే అకౌంట్ మేనేజర్ కావచ్చు. రాత్రులు వద్దనుకుంటే ఇండియా స్టాఫింగ్‌కో, ఏదైనా కంపెనీ సొంత హైరింగ్ టీమ్‌కో పగటి షిఫ్ట్‌కి మారొచ్చు. అక్కడ తలనొప్పులు వేరు: 90 రోజుల నోటీస్ పీరియడ్, చేతిలో మూడు ఆఫర్లు పెట్టుకుని తిరిగే కాండిడేట్లు. పర్మనెంట్ హైరింగ్‌లో ఏజెన్సీకి ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం ఫీజుగా ఇవ్వడం మామూలు. నాతో మొదలైనవాళ్లలో ఇద్దరు ఇప్పుడు పెద్ద కంపెనీల్లో హెచ్‌ఆర్‌లో ఉన్నారు. ఆరు నెలల్లో మానేసినవాళ్లు అంతకంటే చాలా ఎక్కువమంది.

మీరు ఆఫర్ లెటర్‌లో ఏడాదిన్నర బాండ్ ఉందని చివర ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు అన్నిటికంటే అక్కడే అనుమానం వచ్చింది. ‘బాండ్లు కోర్టులో చెల్లవులే’ అని స్నేహితులు అంటారు, ఆ మాట నమ్మి సంతకం పెట్టకండి. 2025లో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో 2 లక్షల రూపాయల బాండ్‌ను సమర్థించింది. మీది ఆ కేసులాంటిది కాకపోవచ్చు, అయినా సంతకం సంతకమే. రెండు వారాలు పక్కన కూర్చోబెట్టి నేర్పే పనికి ఏడాదిన్నర బాండ్ ఎందుకో హెచ్‌ఆర్‌ని అడగండి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ప్రొబేషన్‌లో వాళ్లే తీసేస్తే కూడా కట్టాలా, బాండ్‌తో పాటు ఖాళీ చెక్కు అడుగుతున్నారా, ఈ మూడూ చూడండి. మీ పేరు, కంపెనీ పేరు తీసేసి ఆ పేరా ఇక్కడ కింద పెట్టండి, సంతకం పెట్టేలోపే చదివి చెప్తాను. రాత్రి 12 తర్వాత నాకు బ్రేక్ ఉంటుంది, అప్పుడు చూస్తాను.